రాతిని కొలువక ధ్వనిని నమ్మవచ్చునా?

కృష్ణా గోదావరీ నదులు సముద్రమున గలియు తీరమున కెదురుగా, వేయి మీటర్ల లోతు నీటికి అడుగున, బంకమట్టిలో ఒక విచిత్రమైన మంచు గలదు. మీథేను వాయువును నీరును గూడి, చలికిని ఒత్తిడికిని లోబడి గడ్డకట్టిన పదార్థ మది. శాస్త్రజ్ఞులు దానిని గ్యాస్ హైడ్రేటు అందురు. నిప్పు చూపిన మంచు మండునా యని మనము నవ్వుదుము గాని, ఇది మండును. ఒక ఘనపుటడుగు హైడ్రేటును పైకి దెచ్చి కరగనిచ్చినచో ఇంచుమించు 160 ఘనపుటడుగుల వాయువు వెలువడును. 2006వ సంవత్సరమున మన జాతీయ గ్యాస్ హైడ్రేటు కార్యక్రమము క్రింద జాయిడెస్ రిజల్యూషన్ అను త్రవ్వకపు ఓడ ఏప్రిలు చివరినుండి ఆగస్టువరకు భారతదేశపు సముద్రములలో దిరిగి, అడుగును పలుచోట్ల తొలిచి చూచినది. మన తీరమున పదవ స్థలమని లెక్కలలో వ్రాసికొన్నచోట, సముద్రగర్భ హైడ్రేటు నిక్షేపములలో మిక్కిలి సమృద్ధమైన వానిలో నొకటి బయటపడెను.

ఈ వార్త విని సంతసింపని ఆంధ్రుడుండడు. అయితే దానివెంట నడచిన మరియొక కథను పెక్కుమంది వినియుండరు. మేము నేడు చెప్పదలచినది ఆ కథయే.

తొలిచిన రంధ్రములోనికి పరికరములను దింపి, అచ్చటి మట్టిలో విద్యుత్తు ఎంత కష్టముమీద ప్రవహించుచున్నదో కొలిచిరి. ఉప్పునీటిలో విద్యుత్తు సులభముగా బోవును, హైడ్రేటులో బోదు. కావున అడ్డంకి యెక్కువగా నున్న హైడ్రేటు ఎక్కువగా నున్నట్లు. దీనిని అంకెలలోనికి మార్చుటకు ఆర్చీ సూత్రమని యొకటి గలదు. ఆ సూత్రమునుబట్టి లెక్కింపగా సముద్రపు అడుగుక్రింద సుమారు 25 మీటర్లనుండి 160 మీటర్లవరకు గల మట్టిలో, దాని రంధ్రావకాశమున సగమునకు మించి, కొన్నియెడల నూటికి 80 పాళ్లవరకు, హైడ్రేటే నిండియున్నదని తేలెను. తరంగముల వేగమునుబట్టి కట్టిన లెక్కయు అట్లే పెద్దదిగా వచ్చెను. ఇంతలో ఆ ప్రక్కనే తొలిచిన రంధ్రములనుండి అసలు మట్టిని, దాని సహజమైన ఒత్తిడి సడలకుండ, బిగించిన ఉక్కుగొట్టములలో పైకి దెచ్చి, నెమ్మదిగా ఒత్తిడి తగ్గించి, వెలువడిన వాయువును కొలిచి చూచిరి. నూటికి 26 పాళ్లకు మించలేదు!

ఒకటే చోటు, ఒకటే నిధి. ఒక లెక్క ఎనుబది యనుచున్నది, రెండవది ఇరువదియారు దాటలేదనుచున్నది. వర్తకుని ఖాతాలో ఇంత తేడా వచ్చినచో దుకాణము మూతపడును. ఏది నిజము? చోటుచోటునకు కొంత భేదముండుట సహజమేగాని, ముఖ్యకారణ మది గాదు. గొట్టములలోని మట్టికి ఎక్స్‌రే చిత్రములు తీయగా గుట్టు బయటపడినది. హైడ్రేటు మట్టి రంధ్రములలో సమముగా వ్యాపించి యుండలేదు. దాదాపు నిట్టనిలువుగా నున్న పగుళ్లలో, చలువరాతిలోని తెల్లని చారలవలె, పేరుకొని యున్నది. లెక్కకట్టినవారు మాత్రము అన్నివైపుల ఒకేతీరున నుండు పదార్థమని యెంచి కట్టిరి. నిలువు చారలవెంట ధ్వనితరంగము వేగముగా పరువెత్తును. విద్యుత్తునకు ఆ చారలు అడ్డుగోడలగును. కావున రెండు సాక్ష్యములును ఒకే దిక్కునకు తప్పుదారి బట్టించినవి. తరువాత 2009లో అమెరికా భూగర్భశాఖకు చెందిన శాస్త్రజ్ఞులు నిలువు పగుళ్లను లెక్కలో జేర్చి మరల కట్టగా, తరంగవేగమునుండి వచ్చిన అంకె గొట్టములలోని మట్టి చెప్పిన అంకెతో చక్కగా సరిపోయెను. విద్యుత్తు లెక్కలోని తేడాయు చాలవరకు తగ్గెను. పూర్తిగా మాత్రము పోలేదు.

ఇందొక విశేషము గమనింపదగియున్నది. ఆర్చీ అను నతడు 1942లో ఆ సూత్రమును ప్రకటించునపుడు తన దేశమున గల్ఫ్ తీరపు ఇసుకరాతి ముక్కలను స్వయముగా కొలిచి చూచిన పిమ్మటనే ప్రకటించెను. అతని పని నిర్దుష్టము. అతడు కొలిచిన రాయి వేరు, మన గోదావరి యెదుటి బంకమట్టి వేరు. తప్పంతయు ఆ రెంటిని ఒకటిగా దలచుటలో నున్నది.

సంతలో కుండను కొనబోవు ఇల్లాలు దానిని వ్రేలితో మొట్టి చూచును. ఖంగుమన్న తీసికొనును, బొద్దుగా పలికిన ప్రక్కకు నెట్టును. ఆమె చెవికి ఆ విద్య ఎట్లబ్బినది? బాగుగా కాలిన కుండను, బీటవారిన కుండను వేర్వేరుగా చేతబట్టి పలుమారులు విని యుండుటచేత. ఎన్నడును కుండను చూచి యెరుగనివానికి ఆ శబ్దము వినిపించి, ఇది మంచిదా చెడ్డదా యని యడిగిన ఏమి చెప్పగలడు? భూగర్భమును ధ్వనిచే పరీక్షించు విద్యయు ఇంతకుమించి భిన్నమైనది కాదు. గోదావరి జిల్లాల రైతులు దీనిని కన్నులార చూచినవారే. చేలకడ్డముగా మైళ్లకొలది తీగలు పరతురు, చిన్న బోరులలో మందుగుండు పేల్తురు, భూమి అదురును. ఆ అదురు క్రిందికి దిగి, ఒక పొరనుండి మరియొక పొరకు మారుచోట కొంత వెనుకకు మరలివచ్చి తీగెలకు గట్టిన చెవులకు వినబడును. సముద్రమున మందుగుండునకు బదులు గాలితుపాకి. దీనినే సైస్మిక్ పరిశీలన యందురు.

మరలివచ్చిన ప్రతిధ్వని చెప్పునది రెండే సంగతులు: ఎంతకాలమునకు వచ్చినది, ఎంత గట్టిగా వచ్చినది. లోతును అది చెప్పదు. రాతి పేరును చెప్పదు. అందులో చమురున్నదో, వాయువున్నదో, ఉప్పునీరున్నదో అసలే చెప్పదు. అవన్నియు మనము ఊహించి కలుపుకొనునవి. ఒక ప్రతిధ్వని పోవుటకు వచ్చుటకు గలిపి రెండు సెకనులు పట్టినదనుకొందము. రాతిలో తరంగవేగము సెకనునకు 2500 మీటర్లయినచో ఆ పొర 2500 మీటర్ల లోతున నున్నట్లు. వేగము 2750 అయినచో లోతును 2750 అగును. వేగమున నూటికి పదివంతుల పొరపాటు, లోతున 250 మీటర్ల పొరపాటు. బోరు దింపువాని కిది చిన్నమాట గాదు. సేద్యమునకు ఇన్నూరడుగుల బోరువేసి నీరు పడక, అప్పులపాలైన రైతునకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. సముద్రములో త్రవ్వు బోరుల వ్యయమును దానితో పోల్చుటకైనను వీలులేదు.

మరి రాతిలోని వేగమును తెలిసికొను టెట్లు? ఆ రాయిని తెచ్చి కొలువవలెను. పని చూచుటకు సామాన్యముగానే యుండును. బోరునుండి తెచ్చిన రాతిలో ఒకటిన్నర అంగుళము వ్యాసమును, రెండు మూడంగుళముల పొడవును గల ముక్కను గుండ్రముగా కోసి, రెండు చివరలను నునుపుచేసి, రబ్బరు తొడుగులో నుంచి, నూనెనిండిన ఉక్కుపాత్రలో బిగింతురు. నూనెను ఒత్తి, ఆ రాయి భూగర్భమున ఎంత బరువును మోయుచుండెనో అంత బరువును దానిపై మరల నెక్కింతురు. రెండు చివరలను స్ఫటికపు పలకలుండును. ఒకటి చప్పుడుచేయును, రెండవది వినును. ఆరు సెంటీమీటర్ల ముక్కలో సెకనునకు 3000 మీటర్ల వేగముతో పోవు తరంగమునకు పట్టుకాలము సెకనులో ఏబదివేలవ వంతు. ఆ కాలమును గుర్తించి, ఒత్తిడిని మార్చి మరల గుర్తింతురు. రాయి పొడిగా నున్నపుడొకమారు, నీటితో నింపి యొకమారు, వాయువు చేర్చి యొకమారు. ముందునకు వెనుకకు కంపించుచు పోవు తరంగమునకు ఒక లెక్క, ప్రక్కలకు ఊగుచు పోవు తరంగమునకు ఒక లెక్క.

ఇట్లు కొలిచినవారు బయటబెట్టిన సంగతులు కొన్ని మిక్కిలి వింతలు. 1986లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున హాన్ మొదలైనవారు 75 ఇసుకరాళ్లను పరీక్షించి చూడగా, రాతిలో నూటికొకటి రెండు పాళ్లు బంకమట్టి చేరినంతమాత్రమున దాని బిగువు ఎంతయో సడలుచున్నట్లు కనబడెను. కంటికి రెండును ఇసుకరాళ్లే! అంతకు పదియేండ్లకు పూర్వము, 1976లో, డొమెనికో అను నతడు ఇసుకలో ఉప్పునీటిని వాయువును కలిపి కొలిచిన లెక్కలు మరింత ముఖ్యమైనవి. నీటితో నిండిన ఇసుకలో కొద్దిపాటి వాయువు చేరినను ముందువెనుకల తరంగవేగము దిగ్గున పడిపోవును. ఆపైన ఎంత వాయువు చేర్చినను అట్టి మార్పుండదు. దీని యర్థమేమి? సైస్మిక్ చిత్రములో వెలిగిపోవుచు కనబడు ప్రకాశవంతమైన పొరను జూచి, ఇది గొప్ప వాయునిధి యని యెగిరిపడరాదు. సోడాబుడ్డిలో బుడగలవలె పనికిమాలిన కొద్దిపాటి వాయువున్నను చిత్రమంతటి కాంతితోనే యుండును. ప్రక్కల నూగు తరంగము మాత్రము వాయువును అంతగా లెక్కసేయదు. కావున రెంటిని జోడించి చూచిన కొంత గుట్టు తెలియును. అప్పుడును నీటికిని నిండు వాయువునకును భేదము తెలియునుగాని, బుడగలకును నిధికిని నడుమ భేదము తేలుట కష్టము.

ఇక మా ముఖ్యమైన మాటకు వత్తుము. 1974లో గార్డ్‌నర్ ప్రభృతులు వేగమునుండి సాంద్రతను రాబట్టు సూత్రమొకటి ఇచ్చిరి. 1985లో కాస్టాన్యా ప్రభృతులు బురదరాళ్లలో ఒక తరంగవేగమునుండి రెండవదానిని రాబట్టు సూత్రమొకటి ఇచ్చిరి. సులువైనవి, చక్కనివి. ప్రపంచమంతటను, ప్రతి భూభౌతికుని బల్లమీదను ఉండునవి. కొలువని రాతికి అంకె కావలసినపుడు వీనినే వాడుదురు. మేము వీనిని నిందింపము. చేత చిల్లిగవ్వ లేనివాడు అప్పు తెచ్చుట తప్పుగాదు. తెచ్చిన అప్పును సొంత ఆస్తిగా ఖాతాలో వ్రాసికొనుటయే తప్పు.

మన క్రింది పొరల పేరులను ఒకమారు చూడుడు. రాఘవాపురము షేలు, గొల్లపల్లి ఇసుకరాయి, తిరుపతి ఇసుకరాయి, రాజమహేంద్రవరపు ఇసుకరాయి, నరసాపురము బంకరాయి, రాజోలు నల్లరాయి. ఇవన్నియు మన యూళ్ల పేరులు. పేరు మనదైనంత మాత్రమున గుణమును మనకు తెలిసినట్లు గాదు. రాజోలు నల్లరాతినే చూతము. దక్కను పీఠభూమిని కప్పిన లావాప్రవాహములకు సోదరియగు ఈ రాయి రాజమహేంద్రవరము చెంత కాతేరు, పంగిడి ప్రాంతములలో నేలపై కనబడి, తూర్పున లోతునకు దిగిపోవును. గట్టి నల్లరాతిలో తరంగవేగము సెకనునకు అయిదారు వేల మీటర్లుండును; బుడగలతోను ఖనిజపు గింజలతోను నిండి, వాతావరణమునకు కుళ్లిన దానిలో అందు సగమునకు దిగవచ్చును. రెండును ఒకే ప్రవాహమున, ఒకదానిపై నొకటి, పలుమారులు పొరలుగా నుండును. దానిక్రింద ఏమున్నదో చూడబోవు ధ్వని ఈ పొరలలోనే చెదరిపోవును. ఏ పొరకు ఏ వేగమో ముక్కలను కోసి కొలువక, నల్లరాతికి సగటు వేగమింత యని పుస్తకమునుండి ఎత్తివ్రాసిన, దాని క్రింది పొరల లోతంతయు తారుమారగును.

బోరులు త్రవ్వి చేరుకొనలేని లోతుల సంగతి మరియొకటి. 1970 దశాబ్దమున హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు సోవియట్ నిపుణుల సహకారముతో మన నెల్లూరుసీమ కావలినుండి పడమటితీరపు ఉడిపివరకు భూపటలమును ధ్వనిచే పరీక్షించిరి. మన దేశమున అట్టి లోతైన పరీక్షలకు అదియే నాంది. ముప్పదియైదు కిలోమీటర్ల లోతునుండి రాతిని తెచ్చువాడెవడు? కావున అచ్చటి వేగము ఏ రాతిదో చెప్పవలెనన్న, పైన దొరకు రాళ్లనే తీసికొని, ఆ లోతున నుండు ఒత్తిడిక్రింద పెట్టి కొలువవలసినదే. ఈ పనిని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫ్రాన్సిస్ బర్చ్ చేసెను. 1960, 61 సంవత్సరములలో ప్రకటించిన అతని కొలతలు పది కిలోబారుల ఒత్తిడివరకు, అనగా ఇంచుమించు మన భూపటలపు అడుగున నుండు ఒత్తిడివరకు, పోయినవి. అవి లేనిదే భూపటలపు వేగములు వట్టి అంకెలు.

అట్టి కొలతలున్నను మోసపోవచ్చును. రష్యాదేశమున ఉత్తరపు కోలా ద్వీపకల్పములో 1970లో ఆరంభించి తొలిచిన రంధ్రము 1989 నాటికి 12,262 మీటర్లకు దిగినది. ధ్వనిపరీక్షలనుబట్టి కొంతలోతున గ్రానైటుపోయి బసాల్టు వచ్చునని యెదురుచూచిరి. బసాల్టు రాలేదు. అచ్చటను గ్రానైటు జాతి రాయియే, పగుళ్లతో, ఆ పగుళ్లలో నీటితో, కనబడెను. ప్రతిధ్వని అబద్ధమాడలేదు, రాతి స్థితి మారినచోటు నున్నదున్నట్లు చెప్పెను. రాతి జాతియే మారినదని అర్థము చెప్పినవారు మనుష్యులు.

ప్రయోగశాలలోని రాయియు సత్యహరిశ్చంద్రుడు గాదని ఒప్పుకొనవలెను. లోతునుండి పైకివచ్చిన రాయి, మీదిబరువు తొలగగానే, ఒడలు విరుచుకొన్నట్లు లోలోపల సన్నని బీటలు వారును. వానిని మరల ఒత్తిడితో మూయక కొలిచినచో వేగము తక్కువగా కనబడును. షేలు ఎండిన గుణము మారును. మెత్తని రాయి దారిలోనే పొడియగును. ప్రయోగశాలకు చేరునది గట్టిరాయి మాత్రమే. కావున కొలతలన్నియు బలవంతుల పక్షమున మొగ్గును. అన్నిటికన్న పెద్ద చిక్కు తరంగపు పరిమాణములో నున్నది. ప్రయోగశాలలోని తరంగము సెకనునకు పదిలక్షలమారులు కంపించును. దాని పొడవు కొన్ని మిల్లీమీటర్లు. పొలములో పేల్చిన తరంగము సెకనునకు ముప్పదిమారులు కంపించునదైనచో దాని పొడవు నూరు మీటర్లు. చీమ నడిచిన నేలగతిని చూచి ఏనుగు నడకను ఊహించుట వంటి దిది. నీటితో నిండిన రాయి వేగముగా కొట్టిన ధ్వనికి బిగుసుకొనును, నెమ్మదిగా కొట్టిన దానికి సడలును. ఇందుకే పొడిరాతిని కొలిచి, అందు నీరు నిండిన ఫలమును 1951లో స్విట్జర్లండు దేశీయుడగు గాస్‌మన్ కూర్చిన సమీకరణముచే గణించుట మేలని పెక్కుమంది నమ్ముదురు. రంధ్రములోనికి దింపిన పరికరముల కొలత నడుమ సాక్ష్యముగా నిలుచును. మూడును కలిసిన సరి. కలియనిచోట ఏదో యొకటి మనకు తెలియనిది దాగియున్నదన్నమాట. పదవ స్థలమున నిలువు పగుళ్లు బయటపడినది అట్టి కలియమినుండియే గదా!

మా అభిప్రాయమున ఈ విషయమున లోపించుచున్నది విద్య గాదు, ఓపిక. రాతిని ముక్కచెదరకుండ పైకి తెచ్చుటకు త్రవ్వకము నెమ్మదింపవలెను. నెమ్మదించిన ప్రతిగంటకు అద్దె పెరుగును. కావున బోరునందు అంతటను గాక అచ్చటచ్చట కొన్ని మీటర్లు మాత్రమే రాతిని తీసి, తక్కినది పిండిగా పోనిత్తురు. తీయువారును నిధి యున్నదని తోచిన ఇసుకపొరలోనే తీయుదురుగాని, దానిని కప్పిన షేలును ఎవరును కోరరు. అయితే ధ్వని మరలివచ్చునది ఇసుకనుండి కాదు, షేలునుండియు కాదు; రెండును కలియు హద్దునుండి. ఒకదానిని కొలిచి రెండవదానిని ఊహించిన లెక్క, ఒంటి ఎద్దును గట్టిన బండి. ప్రతి బోరులోను పైకప్పునుండి కొంత రాయిని తీయవలెనని నిబంధన పెట్టిన, అయ్యెడు వ్యయము ఒక్క వట్టిబోరు ఖర్చుతో పోల్చిన లెక్కలోనికి రాదని మా నమ్మకము. తీసిన రాతిని పెట్టెలలో భద్రపరచి, కొలిచిన అంకెలను అచ్చువేసి, విశ్వవిద్యాలయముల పిల్లలకు అందుబాటున నుంచుటకు అంతకన్న తక్కువ చాలును.

2015లో చిక్యూ అను జపాను ఓడ మరల మన తీరమునకు వచ్చినది. ఈమారు బంకమట్టి పగుళ్లను వదలి, ముతక ఇసుక పేరుకొన్న చోట్లను ముందుగా వెదకి తొలిచిరి. ఇసుకరంధ్రములలో హైడ్రేటు దట్టముగా నిండిన పొరలు దొరికెను. ఇసుకలోని హైడ్రేటు రేణువుల నడుమ సిమెంటువలెను దన్నువలెను నిలిచి రాతిని బిగించును. పగుళ్లలోని హైడ్రేటునకు వేసిన లెక్క దీనికి పనికిరాదు, కొత్తలెక్క కావలెను. అందుకొరకై ఒత్తిడి సడలనీయక కొన్ని ముక్కలను జపానుదేశమునకు కొనిపోయి, అచ్చటి ప్రయోగశాలలో వాని బిగువును, నీటిని పోనిచ్చు గుణమును కొలిచిరి. ఆ అంకెలు 2019లో అచ్చుపడినవి. మన హైడ్రేటునుండి వ్యాపారమునకు తగినంత వాయువును తీయు పని ఇంకను మొదలు కాలేదు. ఆ పని ఎప్పుడు మొదలైనను ముందుగా అక్కరకు వచ్చునవి ఆ కొన్ని గొట్టములలోని అంకెలే. అట్టి గొట్టములను ఇంకెన్నింటిని తీయుదురో, వానిని ఎచ్చట కొలుతురో నిర్ణయించుట ఢిల్లీలోని వారి చేతిలో నున్నది.